నోల్ భవనం వీటాకి దక్కకపోవడం అన్యాయమా?

పుస్తకాలపురుగు: ఇంగ్లండులో కెంట్‌లో, సెవెనోక్స్ దగ్గరి సాక్‌విల్ కుటుంబం పాత భవనం నోల్ గురించి. 1928 జనవరిలో మూడో బారన్ సాక్‌విల్ పోతే, బిరుదూ ఇల్లూ మగవారసుడికే అన్న నియమం వల్ల, ఒక్కగానొక్క కూతురు, రచయిత్రి వీటా సాక్‌విల్-వెస్ట్‌ని కాదని ఇల్లు బాబాయి చార్లెస్‌కి వెళ్లింది. ఆ అక్టోబరులోనే వీటానీ నోల్‌నీ దృష్టిలో పెట్టుకుని వర్జీనియా వుల్ఫ్ రాసిన నవల ‘ఓర్లాండో’ వచ్చింది. ఆడపిల్లయినందుకు 365 గదుల ఇల్లు పోవడం అన్యాయం కాదా?

కొలబద్ద: 365 ఎవరు లెక్కపెట్టారు?

పుస్తకాలపురుగు: వీటాయే 1922లో ‘నోల్ అండ్ ద సాక్‌విల్స్’లో రాసింది. 7 ముంగిళ్లు, 52 మెట్లదారులు, 365 గదులు.

కొలబద్ద: సరిచూడలేదని కూడా అక్కడే రాసిందిగా, అదెందుకు మింగేశారు? గదంటే ఏమిటో తేల్చకుండా లెక్క తేలదు. అటకలు గదులేనా? హాలుకి అడ్డుగోడ కడితే ఒకటా, రెండా? 1456లో ఆర్చిబిషప్ బౌర్చియర్ కొన్నప్పటి నుంచి కడుతూ మారుస్తూనే ఉన్నారు. వారాలకీ రోజులకీ అచ్చుగుద్దినట్టు కుదిరిందంటేనే అనుమానం.

చిట్టిబాబు: గదులు వదిలెయ్యండి సార్.

గోదారిగట్టు: నోల్‌కొచ్చిన తొలి సాక్‌విల్ థామస్. నార్టన్‌తో కలిసి ‘గోర్బొడక్’ నాటకం రాసినాయన. రాజ్యాన్ని ఇద్దరు కొడుకులకి పంచి సర్వనాశనం చేసుకున్న రాజు కథ అది. ఆస్తి ముక్కలు కాకూడదన్న భయం అప్పటిదే.

పుస్తకాలపురుగు: పంచమని ఎవరన్నారు? మొత్తం కూతురికిస్తే ముక్కలెలా అవుతుంది? ఈ సాకులన్నీ మా ఇంట్లోనే విన్నాను.

కొలబద్ద: మీ ఇంటి పేచీ ఇక్కడికి తేకండి. 1910 దావా చదివారా? రెండో బారన్‌కి స్పానిష్ నర్తకి పెపితా వల్ల పుట్టిన హెన్రీ తనే వారసుణ్ణని కోర్టుకెక్కాడు. పెపితాకి 1851లోనే వేరే పెళ్లయిందని, కాబట్టి ఇతను చట్టబద్ధమైన కొడుకు కాడని తేలి ఓడిపోయాడు. ఆ హెన్రీ వీటా తల్లికి సొంత తమ్ముడు! వారసత్వ నియమం అతన్ని బయట పెట్టబట్టే నోల్ వీటా తండ్రి చేతిలో నిలిచింది. 1910లో అక్కరకొచ్చిన నియమం 1928లో అన్యాయమైపోయిందా?

పుస్తకాలపురుగు: 1910లో వీటాకి పద్దెనిమిదేళ్లు. దావా వేసిందీ గెలిచిందీ తను కాదు. హెన్రీకి అన్యాయం జరిగితే వీటాకి జరిగింది న్యాయమైపోదు గదండీ.

కొలబద్ద: కాదు. కానీ మీరు ఆడవాళ్ల హక్కు అంటున్నారు. నాకు కనిపిస్తున్నది అంత ఇల్లు ఒక్కరికే పోయే పద్ధతి. వారసురాలు ఆడదైనా ఆ పద్ధతి మారదు. ‘ఓర్లాండో’ కూడా ఇల్లు నాయికకే ఉంచింది, పద్ధతిని ముట్టుకోలేదు.

పుస్తకాలపురుగు: ఈ మాట మొదటే అనుంటే గదుల గొడవ తప్పేది.

గోదారిగట్టు: 1946లో నోల్ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు చేతికి వెళ్లింది. ‘ఓర్లాండో’ రాతప్రతి అక్కడే ఉంది.

కొలబద్ద: కుటుంబం కూడా ఉంది, కొంత భాగంలో.