అంబాసిడర్‌కు అటక మీది పాత స్టాకు వేయాలా, కొత్తగా తయారైన సరుకు వేయాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మా నాన్నగారి 1968 అంబాసిడర్ మార్క్ 2 చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఇంట్లో అందరి కోరిక. విజయనగరంలో ఒక పాత విడిభాగాల దుకాణం మూసేస్తున్నారు. అటక మీంచి దించిన సరుకులో మా బండికి పనికొచ్చేవి చాలా ఉన్నాయి: బ్రేకు వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర ఆయిలు ఒత్తిడితో లైనింగును డ్రమ్ముకు నొక్కేవి), వాటిలో ఆయిలు కారకుండా ఆపే రబ్బరు కప్పుల కిట్లు, బ్రేకు లైనింగులు, ముందు చక్రాల బేరింగులు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ రోటర్లు, దాని పాయింట్ల దగ్గర నిప్పురవ్వను అణిచే కండెన్సర్లు, పెట్రోలు పంపులో కదిలే రబ్బరు పొరలు, అంటే డయాఫ్రమ్‌లు, ఎగ్జాస్ట్ వాల్వులు, రెండు తలుపు హ్యాండిళ్లు. కట్టిన మైనపు కాగితం కూడా విప్పలేదు. "కళ్లకద్దుకుని తెచ్చేసుకోండి, మళ్లీ దొరకవు" అని మా మేస్త్రి. "యాభై ఏళ్ల డబ్బాలు ఎందుకు మావయ్యా, కొత్తవి తెప్పిద్దాం" అని మా మేనల్లుడు. దుకాణం ఈ నెలాఖరు వరకే ఉంటుంది. తెలిసినవారు చెప్పండి.

కోట వీధి పద్మిని (విజయనగరం):
మేస్త్రి మాటే నా మాట. ఒక్క డబ్బా వదలకండి. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు కొత్తది అని అమ్మేదంతా ఎవరో పాత ముక్కను చూసి పోతపోసినదే. కొలత కుదరదు, లోహం నాణ్యత ఉండదు. నా ఫియట్ పద్మిని కారుకు కొన్న కొత్త తలుపు హ్యాండిల్ ఒక్క వేసవికే పూత పొక్కులు లేచింది. రెండో తలుపుది ఫ్యాక్టరీ నాటిది, అందులో ఇప్పటికీ మొహం చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. మీ బండికి 50 ఏళ్లు నిండాయి కనుక 2021 కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు, అంటే 'వీఏ' నంబరు ప్లేటుకు అర్హత ఉంది. బండి అసలు రూపంలో ఉండాలన్నదే అక్కడ షరతు. ఇష్టం వచ్చిన సరుకు కుక్కి ఆ ప్లేటు ఎలా అడుగుతారు?

రబ్బరు పాఠం (శ్రీకాకుళం):
పాలిమర్లు బోధించడం నా వృత్తి కాబట్టి రబ్బరు వరకే మాట్లాడతాను. డబ్బా విప్పకపోతే రబ్బరు కొత్తగానే ఉంటుందన్నది భ్రమ. సహజ రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌తోనూ ఓజోన్‌తోనూ నిరంతరం చర్య జరుపుతూనే ఉంటుంది. వాడినా వాడకపోయినా ముదురుతుంది. వేడి పెరిగినకొద్దీ ఆ వేగమూ పెరుగుతుంది. రబ్బరు సీళ్ల నిల్వకు ఐఎస్ఓ 2230 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చల్లగా, 25 డిగ్రీల లోపు, వెలుతురు తగలకుండా దాచిన సహజ రబ్బరుకే అది ఇచ్చే గడువు 5 ఏళ్లు, పరీక్షించి చూశాక మరో 2. మన ఊళ్లో రేకుల కప్పు కింద అటక మే నెలలో ఎంత వేడెక్కుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆ కప్పుల కిట్లు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

డయాఫ్రమ్‌ల సంగతి ఇంకా అన్యాయం. అవి చేసిన రోజుల్లో పెట్రోలులో ఇథనాల్ లేదు. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఉంటోంది. పాత రకం రబ్బరు అందులో ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి చిరుగుతుంది. ఇక్కడ పాతది మంచిదా కొత్తది మంచిదా అన్న వాదనకే చోటు లేదు. ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరుతో చేసిన డయాఫ్రమ్, గొట్టాలే వేయాలి. కొనేముందు ఆ మాట అడిగి తెలుసుకోండి. కొత్తదైనంత మాత్రాన తట్టుకుంటుందని కాదు.

కోట వీధి పద్మిని:
మేడమ్, పుస్తకంలో గడువు ఐదేళ్లు ఉండవచ్చు. నా బండికి వేసిన పాత స్టాకు కప్పులు మూడేళ్లుగా చుక్క కారలేదు.

సాలూరు లేత్:
ఫియట్ మాస్టారూ, మీ బండి కోట చుట్టూ తిరిగి ఇంటికి చేరుతుంది. సుంకి ఘాట్ దిగుతూ వరసగా బ్రేకు నొక్కాల్సి వచ్చినప్పుడు డ్రమ్ములో పుట్టే వేడి వేరు. పైగా ఆ కాలపు అంబాసిడర్‌లో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు ఆయిలు దారి ఒక్కటే. ఒక చక్రం దగ్గర కప్పు చిరిగితే పెడల్ నేలకంటుతుంది, మిగతా మూడు చక్రాలూ మిమ్మల్ని ఆదుకోవు. మూడేళ్లుగా కారలేదన్నది ఆ కప్పుకు మీరిచ్చిన యోగ్యతాపత్రం, అది మీకిచ్చింది కాదు.

నాగావళి గారూ, ఇప్పటిదాకా అందరూ ఒక డబ్బాను ఒక వస్తువుగా లెక్కపెడుతున్నారు. వీల్ సిలిండర్‌ను విప్పి చూడండి. పోత ఇనుము ఒళ్లు, స్ప్రింగు, పిస్టన్, రెండు రబ్బరు కప్పులు. ఆ ఇనుప ఒళ్లు ఇప్పటి లోకల్ పోత కంటే చాలా మేలు. ఇప్పటివాటిలో పోతలోనే గుల్ల ఉన్నవి నా లేత్ మీదకు వస్తుంటాయి, ఆయిలు చెమట పట్టినట్టు బయటికి ఊరుతుంది. కాబట్టి పాత సిలిండర్లు కొనండి, లోపలి కప్పులు పారేసి ఈమధ్య తయారైన, బ్రేకు ఆయిలును తట్టుకునే ఈపీడీఎం రకం రబ్బరు కప్పులు వేయండి. కప్పు ఏళ్ల తరబడి ఒకేచోట ఆనుకుని ఉండటం వల్ల లోపల తుప్పు గీత పడి ఉండవచ్చు. పైపైన ఉంటే హోనింగుతో, అంటే లోపలి గోడను సన్నగా రుద్దితే పోతుంది. గోరుకు తగిలేంత గుంట పడితే లోపల ఇత్తడి స్లీవు (సన్నటి గొట్టం) దింపించాలి. శుభ్రం చేయడానికి పెట్రోలు, ఇంజను ఆయిలు మాత్రం వాడకండి. బ్రేకు కప్పులకు ఖనిజ నూనె విషం. బ్రేకు ఆయిలుతోనో స్పిరిటుతోనో కడగాలి.

బేరింగులకూ అంతే. ఉక్కు ముసలిదవదు, గ్రీజు ముసలిదవుతుంది. ఎండి సబ్బుగడ్డలా మారిన గ్రీజుతోనే బిగించేసే మేస్త్రులు ఉన్నారు, జాగ్రత్త. కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో తిప్పి చూడండి. గుండ్లు దొర్లే దారిలో చిన్న తుప్పు మచ్చ కనిపించినా పక్కన పెట్టేయండి. మన తీరం గాలికి ఆ మచ్చలు మామూలే. మచ్చ లేకపోతే కొత్త గ్రీజు నింపి నిశ్చింతగా వేసుకోండి.

వాల్వులు కొనవచ్చు, కానీ మీ అసలు సమస్య వాల్వు కాదు, అది కూర్చునే సీటు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసమే వాల్వుకూ సీటుకూ మధ్య సన్నటి పొరగా నిలిచి అరుగుదలను ఆపేది. వాల్వులుండే మీ ఇంజను హెడ్డు పోత ఇనుముది, అది ఎలాగూ విప్పుతారు కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి సీటు రింగులు వేయించండి. డబ్బు అక్కడ పెట్టండి.

ఆమదాలవలస ప్రయాణికుడు:
అంబాసిడర్ సరుకు కోసం హౌరా రైలెక్కి కోల్‌కతా మల్లిక్ బజార్ వెళ్లి వచ్చేవాళ్లలో నేనొకడిని. పాత స్టాకు అని చెప్పి నిన్న అచ్చువేసిన డబ్బాలో పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. డబ్బా చూసి మురిసిపోకండి, ముక్క మీద నంబరు చెక్కి ఉందో లేదో చూడండి. మూసేస్తున్న దుకాణం అటక మీది సరుకైతే ఆ భయం తక్కువ. ఆ మాటకొస్తే నాగావళి గారికి అదృష్టమే.

నాగావళి గట్టు:
నంబర్లు ఉన్నాయి, చూశాను. లైనింగులు, రోటర్లు, కండెన్సర్ల గురించి ఎవరూ చెప్పలేదు.

గంటస్తంభం ఎలక్ట్రికల్స్ (విజయనగరం):
రోటర్లు అన్నీ తీసుకోండి. ఈమధ్య తయారైన రోటర్లలో మధ్యన రివెట్ పెట్టి, నాసిరకం ప్లాస్టిక్ వాడినవి చాలా వస్తున్నాయి. వేడెక్కాక కాయిల్ కరెంటు ఆ ప్లాస్టిక్‌ను చీల్చుకుని షాఫ్టులోకి దిగిపోతుంది, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది. అందుకే మేస్త్రులు తప్పు పెట్రోలు వైపు ఉందనుకుని కార్బురేటర్ విప్పుతూ కూర్చుంటారు. పాతదైనా కొత్తదైనా పరీక్ష ఒకటే: డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాయిల్ నుంచి వచ్చే తీగ కొసను రోటర్ మీది ఇత్తడికి కొద్దిగా ఎడంగా, చేతికి షాకు తగలకుండా పట్టుకుని, పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచే స్విచ్చు) తెరిపించండి. నిప్పురవ్వ దూకిందంటే రోటర్ కారుతున్నట్టే.

కండెన్సర్లు మాత్రం అటక మీదే వదిలేయండి. లోపల చుట్టిన కాగితం ఇన్నేళ్ల తేమ పీల్చి ఉంటుంది. కొత్తవాటి నాణ్యతకూ హామీ లేదు కనుక రెండు కొని ఒకటి డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి.

కోట వీధి పద్మిని:
లైనింగులు పాతవే వేయండి. ఆస్‌బెస్టాస్ లైనింగు పట్టినట్టు ఇప్పటిది ఏదీ పట్టదు. ఇది అనుభవం, పుస్తకం కాదు.

రబ్బరు పాఠం:
పట్టు గురించి మీతో తగువు లేదు. కానీ ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, క్యాన్సర్‌కు దారితీస్తుంది. లైనింగు డ్రమ్ముకు సరిపడేలా ఆకురాయితో రుద్దేది, డ్రమ్ములో పొడిని గాలితో ఊదేది మీరు కాదు, షెడ్డులో పనిచేసే కుర్రాడు. బండి అసలు రూపం కోసం అతని ఊపిరితిత్తులు పణంగా పెట్టే హక్కు మనకు లేదు. ఇక 'వీఏ' షరతు అంటారా, ఆ నిబంధన చెప్పేది ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేయకూడదని. బ్రేకు కప్పు వయసు అందులో ఎవరూ అడగరు.

కోట వీధి పద్మిని:
షరతు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. లైనింగుల విషయంలో ఒప్పుకోను. తడిపి రుద్దితే ధూళి లేవదు.

రబ్బరు పాఠం:
తడి ఆరాక లేస్తుంది.

నాగావళి గట్టు:
ఆదివారం మా మేనల్లుడితో కలిసి దుకాణానికి వెళ్తున్నాను. సిలిండర్లు, బేరింగులు, రోటర్లు, వాల్వులు, హ్యాండిళ్లు తెస్తాం. కప్పులు, డయాఫ్రమ్‌లు, కండెన్సర్లు, లైనింగులు అక్కడే వదిలేస్తాం. సాలూరు గారూ, హెడ్డు విప్పగానే సీటు రింగుల కోసం మీ దగ్గరికే తెస్తాను.

సాలూరు లేత్:
తప్పకుండా. వాల్వులు కూడా వెంట తెండి, కాండాలు వంగాయేమో ఒకసారి తిప్పి చూస్తాను. పండగ సీజనులో లారీల పని ఎక్కువ, దానికి ముందే రండి.

కోట వీధి పద్మిని:
అక్కడ పద్మిని హ్యాండిళ్లు ఏమైనా కనిపిస్తే నా పేరు చెప్పి పక్కన పెట్టించండి. ఎడమ వైపుది.