సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే యంత్రం) మీద 30 వారాలకే పుట్టిన బిడ్డ, రక్తంలో సోడియం తక్కువగా 127: డ్రిప్‌లో సోడియం కలపాలా?

పీజీ, పిల్లల విభాగం:
పుట్టినప్పుడు 1200 గ్రాములు. ఆర్‌డీఎస్ (నెలలు నిండని ఊపిరితిత్తుల శ్వాస ఇబ్బంది), సర్ఫాక్టెంట్ (ఊపిరితిత్తులు విచ్చుకునే మందు) ఇచ్చాం. ఇప్పుడు 40 గంటల వయసు. 10% డెక్స్‌ట్రోజ్ రోజుకు కిలోకు 100 ఎంఎల్ పోతోంది. బరువు 1260, మూత్రం గంటకు కిలోకు 0.8 ఎంఎల్. ఫిట్స్ లేవు. సోడియం కలపాలా? ఫ్రూసెమైడ్ (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు) ఒక డోసు వేయొచ్చా?

నియోనాటాలజిస్ట్:
రెండూ వద్దండి. అంకె కంటే ముందు తూకం చూడండి. ఈపాటికి తగ్గాల్సిన బరువు 60 గ్రాములు పెరిగిందంటే ఉప్పు తగ్గడం కంటే నీరు నిలిచి పలచబడడమే ప్రధానం. బరువు పడిపోతూ సోడియం కూడా తగ్గితే అది వేరే లెక్క.

ఊపిరితిత్తులు బిగిసి, పైన సీపాప్ ప్రెషర్ కూడా ఉంటే ఛాతీలోకి రక్తం సరిగా తిరిగి రాదు. ఒంట్లో నీరు తక్కువైందని మెదడు పొరబడి ఏడీహెచ్ (నీటిని ఒంట్లో ఆపే హార్మోన్) వదులుతుంది. ఆల్డోస్టెరాన్ (ఉప్పును ఆపే హార్మోన్) కూడా ఎక్కువే ఉంటుంది గానీ, నెలలు నిండని కిడ్నీ ట్యూబ్యూల్స్ (సన్న గొట్టాలు) దాని మాట అంతగా వినవు. అందుకే నీరు ఆగుతుంది, సోడియం పోతూనే ఉంటుంది. సాధారణంగా 2-4 రోజుల మధ్య ఊపిరితిత్తులు తేరుకునే వేళకి మూత్రం తెరుచుకుంటుంది, అంటే ధారాళంగా వస్తుంది. ఇందులో ఏఎన్‌పీకి (గుండె వదిలే, ఉప్పూ నీరూ బయటికి పంపే హార్మోన్) పాత్ర ఉంది.

ఫ్లూయిడ్ రోజుకు కిలోకు 70 ఎంఎల్‌కి దించండి. గ్లూకోజ్ నిమిషానికి కిలోకు 4.9 ఎంజీ అందుతుంది, షుగర్ చూస్తూ ఉండండి. 6-8 గంటలకోసారి సోడియం. ఫ్రూసెమైడ్ ఉన్న ఉప్పునీ లాగేస్తుంది, పైగా ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని పెంచి డక్టస్‌ను (పుట్టాక మూసుకోవాల్సిన, గుండె దగ్గరి రక్తనాళం) తెరిచి ఉంచే ప్రమాదం. ఫిట్స్ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా 3% సెలైన్.

ఎన్ఐసీయూ సిస్టర్:
ఆ 100లో యూఏసీ లైన్ (బొడ్డు ధమనిలో పెట్టిన గొట్టం) ద్వారా పోయేది కలిపారా? గంటకు 0.5 ఎంఎల్ అంటే రోజుకు 12 ఎంఎల్, ఈ బిడ్డకు కిలోకు 10. అది నార్మల్ సెలైన్ అయితే సోడియం కూడా కిలోకు 1.5 ఎంఈక్యూ చేరినట్టే. యాంటీబయాటిక్ కలిపిన నీళ్లు, ఫ్లష్‌లు (లైన్ కడగడానికి ఎక్కించే నీళ్లు) అదనం. సీపాప్ ట్యూబులు ఎత్తిపట్టకుండా తూస్తే ఆ 60 గ్రాములు నమ్మలేం. టోపీ, డైపర్ తీసి, అదే కాటా మీద మళ్లీ తూయండి.

మరో నియోనాటాలజిస్ట్:
నీళ్లు తగ్గించే ముందు పెర్ఫ్యూజన్ (ఒంటికి రక్తం అందే తీరు), బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) చూడండి. మూత్రం తక్కువ అయినంత మాత్రాన ఏడీహెచ్ అనుకోవద్దు. క్రియాటినిన్ మొదటి రోజుల్లో చాలావరకు తల్లిదే, కాబట్టి ఒక్క విలువ చాలదు. పుట్టగానే తీసిన సోడియం ఉందా? కాన్పులో తల్లికి డెక్స్‌ట్రోజ్‌లో ఆక్సిటోసిన్ (నొప్పులు పెంచే మందు) గంటల తరబడి ఎక్కితే బిడ్డ తక్కువ సోడియంతోనే పుడుతుంది.

పీజీ:
పుట్టినప్పుడు 134. యూఏసీ, ఫ్లష్‌లు కలపలేదు మేడం, కలిపితే రోజుకు కిలోకు 118 ఎంఎల్ వచ్చింది. సోడియం ఎప్పుడు మొదలుపెట్టాలి?

నియోనాటాలజిస్ట్:
మూత్రం తెరుచుకుని, పుట్టిన బరువులో 5-6% తగ్గాక. రోజుకు కిలోకు 2-3 ఎంఈక్యూతో. మూత్రం గంటకు కిలోకు 5 ఎంఎల్ దాటినా, పోయిందంతా తిరిగి ఎక్కించకండి.