పైలట్ కోర్సుకి పొలం అమ్మొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, పైలట్ అవుతానని పట్టుబట్టాడు. నాన్న ఎకరం అమ్మేద్దామంటున్నారు, నాకేమో టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: పొలం సంగతి తర్వాత, ముందు మెడికల్ చేయించండి బ్రో. పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్షల్లో మొదట క్లాస్ 2, ఆపైన క్లాస్ 1. నాతో చేరినతనికి ఫీజు కట్టాక రంగుల తేడా తెలియదని బయటపడింది, పాపం.

జవాబు 2: సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి, 200 గంటలు ఎగరాలి. వానాకాలమంతా యూనిఫాం వేసుకుని మబ్బులు చూస్తూ కూర్చునేవాళ్లం, ఏడాదన్నారు కానీ నాకు రెండున్నరేళ్లు పట్టింది. లైసెన్స్ వచ్చాక ఎయిర్‌బస్ ఏ320 లాంటివాటికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే శిక్షణ, అర్హత) ఖర్చు వేరే, అది ముందు ఎవరూ చెప్పరు!

ప్రశ్న అడిగినవారు: వాడికి కళ్లజోడుంది, పర్లేదా?

జవాబు 1: అద్దాలతో చూపు సరిపోతే పర్లేదు. ఈలోగా మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం), నావిగేషన్ (దారి లెక్కలు) చదవడం మొదలెట్టమనండి.