చర్చ: తీర చిత్తడి నేలల పక్షుల్లో లోహాలు కొలవడానికి రాలిన ఈక సరిపోతుందా?

మడచెట్టు:
సరిపోతుందనే నా వాదన. ఈక మొలిచేటప్పుడు రక్తంలోని మిథైల్ పాదరసం (మేతతో ఒంట్లో చేరే పాదరసం రూపం) కెరాటిన్‌లోని, అంటే ఈక తయారయ్యే ప్రొటీన్‌లోని, గంధకాన్ని పట్టుకుంటుంది. ఈక ఎదిగాక దానికి రక్తం అందదు కాబట్టి ఆ మోతాదు అలాగే నిలిచిపోతుంది. పక్షిని పట్టి సూది గుచ్చే పనే లేదు.

నత్తగుల్ల:
పాదరసానికి సరే, సీసానికి ఒప్పుకోను. సీసం బయటి నుంచి కూడా అంటుకుంటుంది. బురదలో పడి నానిన ఈకైతే మరీనూ.

మడచెట్టు:
కడుగుతాం కదండీ. అసిటోన్, డీఅయొనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు మార్చి మార్చి మూడేసి సార్లు.

నత్తగుల్ల:
కడిగితే వదులుగా ఉన్న ధూళి పోతుంది, పోగుల మధ్య ఇరుక్కున్న సన్న మట్టి పోదు. అనుమానముంటే అదే శాంపిల్‌లో అల్యూమినియం కూడా కొలిపించండి. అది మట్టిలో బోలెడు, పక్షి ఒంట్లో అత్యల్పం. రెండూ కలిసి పెరుగుతుంటే మీరు కొలిచింది బురదనే.

కొంగరెక్క:
ఈక కోయడానికి స్టీలు కత్తెర వద్దు, క్రోమియం, నికెల్ దాన్నుంచే వస్తాయి. సిరామిక్‌ది వాడండి.

మడచెట్టు:
ఎంతసేపూ కడుగుడు గొడవేనా? ఈక వద్దని రక్తం తీస్తే అది మాత్రం ఏం చెబుతుంది? సీసం సంగతైతే గత కొద్ది వారాలదే. పైగా ఒంటి బరువులో 1 శాతం మించి తీయకూడదు. ఉల్లంకి లాంటి 30 గ్రాముల బుల్లి తీర పక్షి దగ్గర 0.3 మిల్లీలీటర్లు, అన్ని పరీక్షలూ అందులోనే సర్దుకోవాలి.

ఉప్పుగాలి:
ఏ ఈకో కూడా రాయండి. ముందు మొలిచిన రెక్క ఈకలో పాదరసం ఎక్కువ, ఆఖర్న మొలిచినదాంట్లో తక్కువ. నేల మీద దొరికినది ఎన్నోదో ఎలా తెలుస్తుంది?

మడచెట్టు:
ప్రతి అంకెకీ ఇలా వంకలు పెడుతూ కూర్చుంటే లాభపడేది విషం వదిలేవాళ్లే. నేను ఈ లెక్క చూపించాలనుకునేది చిత్తడిలోకి వచ్చే కాలువలో ఆ విషం కలిపేవాళ్లకి!

నత్తగుల్ల:
ఆ మాట మొదటే అనాల్సింది. పక్షికి ఎంత హాని అన్నది నా ప్రశ్న, ఎవరు కలిపారన్నది మీది. మీ ప్రశ్నకి వలస పక్షి ఈక అస్సలు పనికిరాదు. ఈ ఏడాది పుట్టిన పిట్ట రెక్క ఈకలు పుట్టినచోటే మొలిచాయి. అవతలివాళ్లు ఆ ఒక్క మాటతో మీ రిపోర్టు కొట్టిపారేస్తారు. అక్కడే గూడు కట్టే జాతిని ఎంచుకుని, ఎగరబోయే ముందు పిల్లల వీపు ఈకలు నాలుగైదు తీయండి. వాటికి మేత వచ్చేది గూటి చుట్టుపక్కల నుంచే. తోడుగా అదే బురదలోని నత్తలూ తీసుకోండి, 24 నుంచి 48 గంటలు శుభ్రమైన ఉప్పునీళ్లలో ఉంచి, పేగులు ఖాళీ అయ్యాకే. పీతల్లో రాగి కనిపించిందని మాత్రం కంగారుపడకండి, వాటి రక్తంలో సహజంగానే రాగి ఉంటుంది.

మడచెట్టు:
పిల్లల ఒళ్లు వేగంగా పెరుగుతుంటే పాదరసం పలచబడుతుంది. ఆ తక్కువ అంకె చూపించి ‘ఏమీ లేదు’ అనేస్తారు.

నత్తగుల్ల:
అందుకే విడిగా చూడకూడదు. కాలువ నీరు చేరని చిత్తడిలో అదే జాతి, అదే వయసు పిల్లలవి పక్కన పెట్టండి. తేడాయే మీ సాక్ష్యం.

మడచెట్టు:
సరే, పాదరసానికి గూటి పిల్లలు, సీసానికి రక్తం. కాడ్మియంకి మాత్రం రెండూ చాలవు, అది పేరుకునేది మూత్రపిండంలో. అనుమతి తీసుకుని, చచ్చి ఒడ్డుకు చేరిన పక్షులది కోయిస్తాను.

నత్తగుల్ల:
కోసే ముందు ఎక్స్‌రే తీయించండి. కడుపులో వేటగాళ్ల సీసపు గుండు ఉంటే ఆ సీసాన్ని కాలువ మీద వేయలేరు.