రాతికట్ట చివర్లు చుట్టి గట్టు కోసుకుపోతోంది, ఏం చేయాలి?

దేవరకొండ వైపు ఎర్రచెలక. కింద గ్రానైట్ చివికిన మొరం, వాలు నూటికి 3. వాననీరు కోసిన అయిదడుగుల లోతు గండి ప్రతి వానకూ తలవైపు పైకి పాకుతోంది. దానికి అడ్డంగా మూడడుగుల ఎత్తు రాతికట్టలు 100 అడుగులకొకటి వేశాం: కింది కట్ట నెత్తి, పై కట్ట పాదం ఒకే మట్టం. లెక్క సరిగ్గానే ఉంది.

అయినా వరద కట్ట చివర్లు చుట్టి గట్టును కోస్తోంది. నెత్తి మొత్తం సమంగా పేర్చాం, నీరు దాటడానికి నడుమ పల్లం వదల్లేదు. చివర్లు గట్టులోకి దింపలేదు. తప్పు అక్కడే అనిపిస్తోంది, ఎందుకంటే తడిసిన మొరం ఇసుకలా విడిపోతుంది.

నడుమ పల్లం ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలి? చివర్లు రెండడుగులు లోపలికి దింపితే చాలా? పైనుంచి దూకే నీరు పాదం తవ్వకుండా దిగువన ఎన్ని అడుగులు రాళ్లు పరచాలి? అన్నిటికన్నా ముందు గండి తల ఆపాలి: వాలుగా చెక్కి రాళ్లు పరచడమా, పైన మళ్లింపు కాలువ తీయడమా? చేసి చూసినవాళ్లు కొలతలతో చెప్పండి.