పటంలో రానిది గడా, పలకా?

పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. ఒక మాట తేల్చుకోవాలి. మహేంద్రతనయ ఒడ్డు ఊళ్ల గురించి వెబ్ పేజీ తయారుచేసి, అందులో లీఫ్‌లెట్‌తో (వెబ్ పేజీల్లో పటం చూపే ఉపకరణం) పటం పెట్టాను. మొదట మూసి ఉంచిన ఆ భాగాన్ని తెరిస్తే, పటం నడుమ ఉండవలసిన మా ఊరు ఎడమవైపు పై మూలకు పోయింది. మిగతాదంతా బూడిద రంగు. విశాఖలోని మేనల్లుడికి ఫోను చేసి "పెంకులు రావడం లేదురా" అన్నాను. "పెంకులేమిటి మావయ్యా?" అన్నాడు. నిజమే, పటాన్ని ముక్కలు చేసి పంపే ఒక్కో చదరపు బొమ్మను, అంటే మ్యాపు టైల్‌ను, మనం ఏమనాలి?

బరంపురం నుంచి:
పెంకు వద్దండి. పెంకు మీదికి పెంకు ఎక్కుతుంది, అందుకే ఇల్లు కురవదు. పటం ముక్కలు అలా ఎక్కవు, అంచుకు అంచు ఆనుకుంటాయి. గచ్చు మీద పరిచే బిళ్ళలు గుర్తుకొస్తున్నాయి.

రాయగడ నుంచి:
గడి సరిపోదా? జూమ్ మొదటి మెట్టులో ప్రపంచమంతా ఒక్క గడి. మెట్టు దిగిన కొద్దీ ప్రతి గడీ నాలుగవుతుంది. అలా పదిసార్లు దిగితే 10,48,576 గళ్లు. లెక్కకు ఇంత చక్కగా ఒదిగే మాట మరొకటి లేదు.

పర్లాకిమిడి నుంచి:
గడి మంచి మాటే, కానీ అది చోటు పేరు. ఆ చోట కూర్చునే బొమ్మ వేరు. దాన్ని పలక అంటాను. సాధారణంగా 256 పిక్సెళ్ల చదరం. బొమ్మ అందకపోతే అది రాయని పలకలాగే కనిపిస్తుంది.

ఈ తేడా ఊరికే పట్టుకోవడం లేదు. మా పేజీలో పటం పెట్టె మూసి ఉన్నప్పుడు దాని కొలత సున్నా. లీఫ్‌లెట్ ఆ సున్నాకే గళ్లు లెక్కకట్టి, మిగతా పలకలను అడగనే లేదు. పెట్టె తెరుచుకున్నాక ఇన్‌వాలిడేట్‌సైజ్ అనే ఆజ్ఞ ఇస్తే మళ్లీ కొలుచుకుంది. ఊరు నడిమికి వచ్చింది. అదే గళ్లు సరిగ్గా ఉండి పలకలు అందకపోతే చూడవలసింది వాటి చిరునామానో, పంపే సర్వరునో. రెండింటికీ "పటం రాలేదు" అంటే బాగుచేసేవాడు ఎక్కడ మొదలుపెట్టాలి?

బరంపురం నుంచి:
ఒప్పుకున్నాను. మరి పలకలు వచ్చి కూడా చెల్లాచెదురుగా పడితే? నాకు అలా జరిగింది. లీఫ్‌లెట్ స్టైల్ ఫైలును పేజీలో కలపడం మరిచిపోయాను.

పర్లాకిమిడి నుంచి:
"పలకలు చెదిరాయి" అంటే చాలు, విన్నవారికి ఆ ఫైలే గుర్తుకు రావాలి.

శ్రీకాకుళం నుంచి:
పలక కన్నా ఫలకం గంభీరంగా ఉంటుంది కదా మాస్టారూ.

పర్లాకిమిడి నుంచి:
ఫలకం నుంచే పలక వచ్చిందమ్మా. వచ్చి మన నోట నిలిచింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, జనం వాడే మాటను వెనక్కి పంపలేను. ఒడియా బడిలో చదివే మా పిల్లలకు తెలుగు మాటలు దొరికేదే తక్కువ. దొరికినది పలికేలా ఉండాలి.

రాయగడ నుంచి:
ఇంకో తప్పుకు పేరు చెప్పండి. నేను వాడిన పటంలో పలకలన్నీ వచ్చాయి, ఊళ్ల పేర్లే విరిగాయి. పాతపట్నంలో "ట్న" కలవలేదు. "ట్" ఒకచోట, "న" పక్కన. ఆ పటం గీసే ప్రోగ్రాము తెలుగు అక్షరాన్ని కూర్చకుండా ఒక్కో గుర్తునూ విడివిడిగా పేరుస్తుందట. పేర్లతో సహా సర్వరులోనే గీసి పంపే బొమ్మ పలకలకు మార్చాక "ట్న" సరిగ్గా వచ్చింది.

పర్లాకిమిడి నుంచి:
"ఒత్తు దిగలేదు" అందాం. చిన్నప్పుడు పలక మీద న ఒత్తు పక్కకు పోతే మా పంతులుగారు అనే మాట అదే.

రాయగడ నుంచి:
రాసుకున్నాను. ఫిర్యాదులో ఈ మాటే పెడతాను.