అడ్మిషన్ హిస్టరీ (చేరేటప్పుడు రాసుకునే పాత జబ్బులు, మందుల వివరాలు) అడిగితే పేషెంట్లు అన్నిటికీ “ఏం లేదమ్మా” అంటున్నారు. మీరెలా రాబడుతున్నారు?

మెడికల్‌వార్డు_కొత్తసిస్టర్:
బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఈమధ్యే ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చేరాను. కాలేజీలో హెల్త్ అసెస్‌మెంట్ మాడ్యూల్‌కి క్లాస్‌మేట్‌నే పేషెంట్‌గా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేశాం. అడిగినవాటన్నిటికీ ఆ పిల్ల వరసగా జవాబులు చెప్పేది. ఇక్కడ కథ వేరు. నిన్న ఒక పెద్దాయన బీపీ లేదన్నారు, షుగర్ లేదన్నారు. ఫారంలో టిక్కులన్నీ పెట్టాక ఆయన భార్య సంచిలోంచి మాత్రల డబ్బా తీసి, “ఇవి ఇప్పుడే వెయ్యాలా, తిన్నాకనా?” అంది. బీపీవి రెండు, షుగర్‌ది ఒకటి. ఇదేంటి పెద్దాయనా అంటే, “బిళ్ళ వేసుకుంటున్నా కదమ్మా, ఇంక బీపీ ఎక్కడిది?” అన్నారు. సీనియర్లు కాస్త చెప్పండి.

నైట్‌డ్యూటీ_వరంగల్:
ఆయన లెక్కలో ఆయన నిజమే చెప్పాడు చెల్లీ. జబ్బు పేరు పెట్టి అడిగితే ఇట్లనే ఉంటది. రోజు ఎట్లా గడుస్తుందో అడుగు. “పొద్దున లేచినంక ఏం వేసుకుంటరు? రాత్రి పడుకునే ముందు?” స్టెంట్ వేయించుకున్నవాళ్లు కూడా గుండె జబ్బు లేదనే అంటారు, బాగు చేయించుకున్నాం కదా అని. “గుండెకి ఏమన్నా చేయించుకున్నరా, ఆపరేషన్లు ఏమన్నా అయినయా?” అంటే అప్పుడు చెప్తారు. ఆ మాటకు వెనకే రక్తం పలచబడే మాత్ర ఉంటుంది. అలాంటి మాత్రే క్లోపిడోగ్రెల్, దాన్ని ఆపరేషన్‌కి ముందు మామూలుగా 5 రోజులు ఆపిస్తారు, అది కూడా కార్డియాలజీ వాళ్లు సరే అంటేనే. అడ్మిషన్‌లో బయటపడకపోతే థియేటర్ దాకా పోయి పేషెంట్ వెనక్కి వస్తాడు.

ఇంకొకటి. మందుల కవర్ తెమ్మంటే కత్తిరించిన షీట్లు తెస్తారు. నాలుగు మాత్రలు, వెండి కాగితం, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. రంగు చూసి ఊహించి రాయకు. చీటీ ఫొటో ఇంట్లోవాళ్లను వాట్సాప్‌లో పెట్టమను.

ఐసీయూ_గుంటూరు:
ఎలర్జీ కూడా అంతే. “ఎలర్జీ ఉందా?” అంటే “వంకాయ పడదండీ” అంటారు. అదీ రాయండి, కానీ అక్కడ ఆగొద్దు. “ఎప్పుడైనా ఇంజెక్షనో మాత్రో పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా? మొహం వాచిందా? ఊపిరాడలేదా?” అని అడగండి. ఏ మందో గుర్తుండదు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఏదో వేశాడంటారు. దేనికోసం వేశాడో అడిగి అదే రాసి డాక్టర్‌కి చెప్పండి.

పాలమూరు_స్టాఫ్:
మా వైపు కల్లు సంగతి విడిగా అడగాల్సిందే. తాగుతారా అంటే లేదంటారు, కల్లు వాళ్లకు తాగుడు కింద లెక్క కాదు. ఆడవాళ్లు కూడా తాగుతారు, వాళ్లను ఎవరూ అడగరు. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలిపి అమ్ముతారని మనందరికీ తెలిసిందే. జ్వరమని చేరిన మనిషి మర్నాటికి వణుకుతూ, నిద్ర లేకుండా, సెలైన్ పీక్కుంటుంటే ఇంట్లోవాళ్లు గాలి సోకిందని భయపడతారు. చాలాసార్లు అది కల్లు ఆగిపోవడం వల్ల వచ్చిందే, ఫిట్స్ కూడా రావచ్చు. నేనైతే “కల్లు రోజూనా, ఎప్పుడన్నానా? ఆఖరుసారి ఎప్పుడు తాగిన్రు?” అని మామూలు గొంతుతో, అన్నం తిన్నారా అన్నట్టు అడుగుతా. మొహం చిట్లించామా, ఇంక చెప్పరు. టైమ్ తప్పకుండా రాయాలి.

లీడ్స్_సిస్టర్:
ఓఈటీ (విదేశాల్లో నర్సు ఉద్యోగానికి రాసే ఇంగ్లీష్ పరీక్ష) స్పీకింగ్‌కి చదువుతున్నప్పుడు ఒక ప్రశ్న పట్టుబడింది. రెండు రోల్‌ప్లేలు, ఒక్కోటి 5 నిమిషాలు, ముందు సిద్ధం కావడానికి 3 నిమిషాలు. పేషెంట్ తన బాధ గురించి ఏమనుకుంటున్నాడో తెలుసుకోవడానికి కూడా మార్కులుంటాయి. పరీక్ష కోసం బట్టీ పట్టిన ప్రశ్న ఇక్కడ వార్డులో రోజూ వాడుతున్నా. తెలుగులో ఇంకా బాగా పనిచేస్తుంది: “ఇది దేనివల్ల వచ్చిందనుకుంటున్నారు? ఇక్కడికి వచ్చేముందు ఏం చేశారు?” ఆస్పత్రిలో మా అమ్మకి తోడుగా ఉన్నప్పుడు ఒక పచ్చకామెర్ల పేషెంట్‌ని ఇలా అడిగితే పసరు మందు సంగతి బయటికొచ్చింది. అంతకుముందు ముగ్గురు అడిగినా ఆవిడ చెప్పలేదు, తిడతారని.

పలాస_పిల్ల:
మా ఉద్దానం పేషెంట్లు నొప్పుల బిళ్ళ సంగతి చెప్పరు, అది మందుల కింద లెక్కే కాదు వాళ్లకి. కిడ్నీ బాగోలేనివాళ్లు షాపులో డైక్లోఫెనాక్ కొని మింగుతుంటారు. “ఒళ్ళు నొప్పులొస్తే ఏం వేసుకుంటారు?” అని అడగాల్సిందే.

ఆర్థో_విజయవాడ:
నొప్పి స్కోర్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? పదికి ఎంత అంటే మా ముసలమ్మలు “చాలా” అంటారు. రూపాయిలో ఎంత నొప్పి, పావలానా, అర్ధా, ముప్పావలానా అంటే ఠక్కున చెప్తారు. మర్నాడు “అర్ధకి దిగిందమ్మా” అంటారు.

ఐసీయూ_గుంటూరు:
ఆర్థో అక్కా, అడగడానికి బాగుంది గానీ ముప్పావలాని ఒకరు 7 అని, ఇంకొకరు 8 అని రాస్తే చార్ట్ ఏమవుతుంది? మొహాల బొమ్మలున్న స్కేల్ చూపించండి. చూపు ఆననివాళ్లకి మాత్రం మీ రూపాయే నయం, ఎలా అడిగారో పక్కన రాస్తే సరి.

మెడికల్‌వార్డు_కొత్తసిస్టర్:
అటెండర్ల సంగతేంటి? భార్యని అడిగితే భర్త చెప్తాడు. పెళ్ళికాని అమ్మాయిని నెలసరి తేదీ అడిగితే వాళ్లమ్మ నావైపు గుర్రుగా చూస్తుంది.

గైనిక్_కాకినాడ:
బరువు చూడాలని పేషెంట్‌ని పక్క గదికి తీసుకెళ్లు. లేదా ఫార్మసీ చీటీ ఇచ్చి అటెండర్‌ని కిందికి పంపు. అమ్మాయిని “ఎక్స్‌రే, మందులు ఇచ్చేముందు అందరినీ అడుగుతాం” అని మొదలుపెట్టు, తననే అనుమానిస్తున్నట్టు ఉండదు. ఒంటి మీద దెబ్బలున్నా విడిగానే అడగాలి, భర్త ఎదురుగా ఎప్పుడూ వద్దు. ఒక్క జాగ్రత్త: “ఎవరికీ చెప్పను” అని మాటివ్వకు. 18 లోపు పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. “నీకు వైద్యం చేసేవాళ్లకి మాత్రం చెప్పాల్సి వస్తుంది, కొన్ని విషయాలు చట్టప్రకారం పైకి కూడా” అని ముందే చెప్పేయి. చెప్పాక కూడా చాలామంది మాట్లాడతారు.

సర్జికల్_నెల్లూరు:
అన్నీ బాగానే ఉన్నాయి, టైమేది? మా దగ్గర రాత్రి ఒక్క సిస్టర్‌తో వార్డంతా నడిపిస్తారు. పైగా ఫారం టైమ్‌కి నిండలేదని మెమో. నేనైతే బీపీ చూస్తూనే అడిగేస్తా.

ఐసీయూ_గుంటూరు:
బీపీ చూసేటప్పుడు మాత్రం వద్దు తమ్ముడూ. మాట్లాడుతుంటే రీడింగ్ పెరుగుతుంది, లేని బీపీ రాస్తాం. కాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) ప్లాస్టర్ అంటించేటప్పుడో, బెడ్ సర్దేటప్పుడో అడుగు.

నైట్‌డ్యూటీ_వరంగల్:
టైమ్ లేకపోతే నేను ముందు అడిగేవి ఇవి: పడని మందులు, రక్తం పలచబడే మాత్ర, షుగర్ బిళ్ళ లేదా ఇన్సులిన్, కల్లు లేదా మద్యం ఆఖరుసారి ఎప్పుడు, ఆడవాళ్లయితే నెలసరి. మిగతాది టిక్ పెట్టకుండా ఖాళీగా వదిలి, “ఇంకా అడగలేదు, భర్త ఉన్నాడు” అని హ్యాండోవర్‌లో (డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టర్‌కి) చెప్తా. అడగనిదానికి ‘లేదు’ అని రాస్తే పొద్దున డాక్టర్ అదే నమ్ముతాడు.

సర్జికల్_నెల్లూరు:
ఖాళీ వదిలితే మా సాఫ్ట్‌వేర్ సేవ్ కానివ్వదక్కా.

నైట్‌డ్యూటీ_వరంగల్:
రిమార్క్స్ గడి ఉంటది కదా, అందులో రాయి తమ్మీ. ఆ గడి కూడా లేకపోతే మీ ఇన్‌ఛార్జికి కాగితం మీద రాసివ్వు, నోటితో చెప్పి ఊరుకోకు.